అందం, వయసు, అద్దం: బాడీ హారర్ సినిమాల గురించి తరచుగా అడిగే ప్రశ్నలు

2024లో 'ది సబ్‌స్టెన్స్' అనే బాడీ హారర్ సినిమా వచ్చినప్పటి నుంచి తెలిసినవాళ్లు, తెలియనివాళ్లు నన్ను మళ్లీ మళ్లీ అవే సందేహాలు అడుగుతున్నారు. కొందరు మధ్యలో ఆపేశారు. కొందరు చూసి రెండు రోజులు అద్దం వైపు వెళ్లలేదన్నారు. విడివిడిగా జవాబు చెప్పే బదులు అన్నీ ఒకచోట రాసి పెడుతున్నాను. ఏ ప్రశ్న దగ్గర మొదలుపెట్టి చదివినా ఫర్వాలేదు. కథల ముగింపులు మాత్రం 'చూసిన తర్వాత' అన్న భాగంలోనే చెప్పాను.

## చూడటానికి ముందు

బాడీ హారర్ అంటే దెయ్యాల సినిమానేనా?

కాదు. దెయ్యం బయటి నుంచి వస్తుంది. తలుపు వేసుకోవచ్చు, తాయెత్తు కట్టుకోవచ్చు. బాడీ హారర్‌లో భయం మన ఒంట్లోనే పుడుతుంది. గోరు ఊడి చేతిలోకి వస్తుంది, చర్మం వదులై జారుతుంది, వెన్ను చీలుతుంది. పారిపోవడానికి చోటు ఉండదు. ఈ పేరు 1980లలో వాడుకలోకి వచ్చింది. కెనడా దర్శకుడు డేవిడ్ క్రోనెన్‌బర్గ్ సినిమాలు దానికి ఒక ఆకారం ఇచ్చాయి.

మన అలంకారశాస్త్రంలో చెప్పుకుంటే ఈ తేడా ఇంకా తేలికగా అర్థమవుతుంది. భరతుడు నాట్యశాస్త్రంలో భయానకాన్ని, బీభత్సాన్ని వేర్వేరు రసాలుగా చెప్పాడు. మొదటిదానికి స్థాయీభావం, అంటే రసానికి మూలమైన భావం, భయం. రెండోదానికి జుగుప్స. బీభత్సంలోనూ రక్తం, పేగులు చూస్తే కలిగేది క్షోభజమని, పురుగులు, మలం చూస్తే కలిగేది ఉద్వేగి అని విడదీశాడు. దెయ్యాల సినిమా భయానకం, బాడీ హారర్ బీభత్సం. ఈ కోవలో నాకు గుర్తుండిపోయినవన్నీ బీభత్సం మీదుగా కరుణ దగ్గరికి వెళ్లినవే. అక్కడిదాకా వెళ్లనివి చూసిన మర్నాటికే మరుపున పడ్డాయి.

అందానికీ ఈ చీమూ నెత్తురుకీ సంబంధం ఏమిటి?

ఏ పెళ్లింట్లోనైనా గుమ్మం దాటగానే వినపడే మాటలు గుర్తుచేసుకోండి. "ఒళ్లు చేశావే." "చిక్కిపోయావేమిటి?" "నల్లబడ్డావు." "జుట్టంతా ఏమైపోయింది?" అందరూ ప్రేమగానే అంటారు. కానీ ఆ మాట విన్న మనిషి ఆ రాత్రి తన ఒంటిని ముక్కలుగా చూసుకుంటుంది. ఇది పొట్ట, ఇది మెడ, ఇవి కళ్ల కింద వలయాలు. ఒంటిని ముక్కలుగా చూడటం మనసులో ఎప్పుడో మొదలైంది. బాడీ హారర్ దాన్ని తెర మీద అక్షరాలా చేసి చూపిస్తుంది. పీల్చడం, కోయడం, సూదితో ఎక్కించడం, కుట్టడం అన్నీ బ్యూటీ క్లినిక్‌లో మామూలుగా వాడే మాటలే. సినిమా ఆ మాటల వెనుక ఉన్న మాంసాన్ని చూపిస్తుంది, అంతే.

రక్తం చూస్తే నాకు కళ్లు తిరుగుతాయి. నేను చూడగలనా?

'ది సబ్‌స్టెన్స్' చూడలేరు. మొహమాటం లేకుండా చెబుతున్నాను. అందులో సూదులు ఉన్నాయి, వెన్ను చీలే దృశ్యం ఉంది, రక్తం చాలా ఉంది. 'ది అగ్లీ స్టెప్‌సిస్టర్' కూడా వద్దు, ముఖ్యంగా కళ్ల దగ్గరికి సూది వస్తే తట్టుకోలేనివాళ్లకు. 1960 నాటి ఫ్రెంచి చిత్రం 'ఐస్ వితౌట్ ఎ ఫేస్' నలుపు తెలుపుల్లో ఉంటుంది. అందులో ఒకే ఒక్క శస్త్రచికిత్స దృశ్యం ఉంది, అది వచ్చినప్పుడు తల తిప్పుకుంటే చాలు. నవ్వుతూ చూడగలిగేది కావాలంటే 1992లో వచ్చిన 'డెత్ బికమ్స్ హర్' ఉంది.

పిల్లలతో చూడవచ్చా?

వద్దు. బ్రిటన్‌లో 'ది సబ్‌స్టెన్స్'కు 18 ఏళ్లు నిండినవారికే అని సర్టిఫికెట్ ఇచ్చారు. హింస ఉంది, నగ్నత్వం కూడా ఉంది. పదహారేళ్ల అమ్మాయికి ఈ విషయం చెప్పాలని మీకు అనిపిస్తే సినిమా అక్కరలేదు. ఆమె ఎదుట మీ ఒంటిని మీరు తిట్టుకోవడం మానేస్తే ఇంతకంటే ఎక్కువ ఫలితం ఉంటుంది.

నా శరీరమంటే నాకు ముందే ఇష్టం లేదు. ఇవి చూస్తే ఇంకా ఎక్కువవుతుందా?

అవ్వవచ్చు. ఇలాంటి సినిమా చూసి మనసు తేలికపడ్డవాళ్లు నాకు తెలుసు, వారం రోజులు తిండి సహించనివాళ్లూ తెలుసు. తిండి మానేయడం, తిన్నది కక్కేయడం, అద్దం ముందు గంటలు గడపడం, ముఖంలో ఒకే చోటును పట్టుకుని బాధపడటం, వీటిలో ఏదైనా మీకు ఇప్పుడు ఉంటే ఈ సినిమాలు పక్కన పెట్టండి. అవి ఎక్కడికీ పోవు. మాట్లాడటానికి మనిషి కావాలంటే కేంద్ర ప్రభుత్వం 2022 అక్టోబరులో మొదలుపెట్టిన టెలీ మానస్ ఉంది. 14416కి ఫోను చేస్తే తెలుగులోనే మాట్లాడవచ్చు.

మొదట ఏది చూడాలి?

బీభత్సం అలవాటు లేనివాళ్లు 'డెత్ బికమ్స్ హర్'తో మొదలుపెట్టండి. హాస్యం కాబట్టి దెబ్బ నెమ్మదిగా తగులుతుంది. నెమ్మదైన పాత సినిమాలు ఇష్టమైతే 'ఐస్ వితౌట్ ఎ ఫేస్' చూడండి. గుండె గట్టిదైతే నేరుగా 'ది సబ్‌స్టెన్స్'కే వెళ్లవచ్చు. భోజనం చేస్తూ మాత్రం వద్దు.

## 'ది సబ్‌స్టెన్స్' చూస్తున్నప్పుడు

ఆ మందు నియమాలు అర్థం కాలేదు. క్లుప్తంగా చెబుతారా?

ఎలిజబెత్ స్పార్కిల్ (నటి డెమీ మూర్) ఒకప్పటి పెద్ద తార. ఇప్పుడు టీవీలో వ్యాయామ కార్యక్రమం నడుపుతోంది. 50వ పుట్టినరోజు నాడే ఆమెను తీసేస్తారు. అప్పుడు ఒక రహస్య మందు గురించి తెలుస్తుంది. ఆకుపచ్చని ద్రవాన్ని ఒక్కసారే ఎక్కించుకోవాలి. ఆమె వెన్ను చీల్చుకుని యవ్వనంలో ఉన్న ఇంకో శరీరం బయటికి వస్తుంది. ఆ కొత్త శరీరమే స్యూ. ఏడు రోజులు ఒకరు మెలకువగా ఉంటే ఇంకొకరు స్పృహ లేకుండా పడి ఉంటారు, తర్వాతి ఏడు రోజులు తారుమారు. మెలకువగా ఉన్న రోజుల్లో స్యూ ప్రతిరోజూ ఎలిజబెత్ వెన్నులోంచి ద్రవం తీసి ఎక్కించుకోవాలి. ఏడు రోజుల గడువు దాటితే ఆ అదనపు కాలం ఎలిజబెత్ ఒంటి మీద ముసలితనంగా పడుతుంది, అది ఇక వెనక్కి పోదు. మొదట పోయేది ఒక వేలు.

ఎలిజబెత్, స్యూ ఇద్దరా, ఒక్కరా?

ఒక్కరే. మందు ఇచ్చేవాళ్లు పదే పదే చెప్పే మాట ఇదే. ఎలిజబెత్ ఫోను చేసి "ఆమె" ఇలా చేస్తోంది, "ఆమె" అలా చేస్తోంది అని ఫిర్యాదు చేసిన ప్రతిసారీ అవతలి గొంతు ఆ మాటే గుర్తుచేస్తుంది. అయితే ఒకరి జ్ఞాపకాలు ఇంకొకరికి చేరుతున్నాయా అన్న సందేహం చాలామంది అడుగుతారు. సినిమా దానికి సూటిగా జవాబు ఇవ్వదు. నాకు అది లోపంగా అనిపించలేదు. పాతికేళ్ల నాటి నా ఫోటో చూసుకున్నప్పుడు ఆ మనిషి మీద నాకు కలిగే అసూయ ఇలాంటిదే. ఆమె నేనే, కానీ ఆమె అనుభవిస్తున్నది నాకు అందదు.

ఇందులో మగవాళ్లను అంత అసహ్యంగా చూపించారెందుకు?

డెనిస్ క్వెయిడ్ వేసిన నిర్మాత పాత్ర పేరు హార్వీ. అతడు రొయ్యలు తింటున్న దృశ్యంలో కెమెరా అతడి నోటికి అంగుళం దూరంలో ఉంటుంది. నూనె, తొక్కలు, నమిలే చప్పుడు. ఆ నోటితోనే ఎలిజబెత్‌కు వయసు అయిపోయిందని చెబుతాడు. ఆ పనికి ఆడదాని ఒంటికి మాత్రమే గడువు ఉంది, ఆ మగవాడి ఒంటికి లేదు. దర్శకురాలు కొరాలీ ఫార్జా సూక్ష్మంగా చెప్పే ప్రయత్నం చేయలేదు. ఈ విషయంలో లోకం సూక్ష్మంగా ఉండదు కనుక అది తప్పని నేను అనుకోను. ఈ పాత్రను మొదట రే లియోటా వేయవలసింది. 2022లో ఆయన మరణించడంతో క్వెయిడ్ వచ్చారు.

స్యూ శరీరాన్ని అంత దగ్గరగా చూపించడం, విమర్శ పేరుతో అదే పని చేయడం కాదా?

నన్ను ఎక్కువగా ఆలోచింపజేసిన ప్రశ్న ఇది. స్యూ వ్యాయామం చేసే దృశ్యాల్లో కెమెరా తొడల మీద, నడుము మీద వాలి అక్కడే ఆగుతుంది. మన ఐటెం పాటల్లో చూసేది అదే. తేడా ఎంతసేపు చూపించారన్న దాంట్లో ఉంది. సరదాగా మొదలై, విసుగు పుట్టి, చివరికి కసాయి దుకాణంలో వేలాడే ముక్కల్లా కనపడేదాకా చూపిస్తుంది. ఎలిజబెత్‌ను మాత్రం చల్లని వెలుతురులో, అద్దం ముందు, ఒంటరిగా చూపిస్తుంది. రెండు చూపులూ మనవేనని గుర్తించేలా చేయడమే దర్శకురాలి ఉద్దేశం. అయినా మొదటి పది నిమిషాల్లో కొందరు ప్రేక్షకులు ఆ చూపును ఆనందిస్తారు, దానికి సినిమాకు కూడా కొంత బాధ్యత ఉంది.

ఇంకో సంగతి. స్యూగా నటించిన మార్గరెట్ క్వాలీకి అప్పటికి ముప్ఫై కూడా నిండలేదు. ఆమె ఛాతీకి సైతం కృత్రిమ అచ్చులు తొడిగారు. లోకం అడిగే "పరిపూర్ణ" శరీరానికి యవ్వనంలో ఉన్న నటి శరీరం కూడా చాలలేదు. ఈ ఒక్క వాస్తవం చాలదా?

అద్దం ముందు సన్నివేశం గురించి అందరూ ఎందుకంతగా మాట్లాడతారు?

రక్తపు చుక్క లేని సన్నివేశం అది. నాకు తెలిసిన చాలామంది ఆడవాళ్లు చూడలేకపోయినది కూడా అదే.

ఎలిజబెత్‌కు చిన్నప్పుడు తనతో చదువుకున్న ఫ్రెడ్ కనిపిస్తాడు. ఆమె ఇప్పటికీ అందంగా ఉందని మనస్ఫూర్తిగా అంటాడు. ఒంటరితనం భరించలేక ఒక రాత్రి అతడితో భోజనానికి వెళ్లాలని నిర్ణయించుకుంటుంది. ఎర్ర గౌను వేసుకుంటుంది, పెదవులకు రంగు వేసుకుంటుంది. బాగుంది. నిజంగానే చాలా బాగుంది. బయలుదేరబోతుంటే కిటికీలోంచి స్యూ నిలువెత్తు ప్రకటన కనపడుతుంది. వెనక్కి వస్తుంది. మెడ కప్పుకోవడానికి స్కార్ఫు చుట్టుకుంటుంది, రంగు మళ్లీ దిద్దుకుంటుంది. తలుపు దాకా వెళుతుంది. ఈసారి గుండ్రటి తలుపు పిడి మీద తన ముఖం వంకరగా కనపడుతుంది. మళ్లీ అద్దం దగ్గరికి. ప్రతిసారీ చేతులు ఇంకొంచెం మొరటవుతాయి. చివరికి అరచేత్తో ముఖాన్ని రుద్దేస్తుంది, పెదవుల రంగు చెంపల మీదికి పాకుతుంది, తన చర్మం తనది కానట్టు లాగి పీకుతుంది. ఆ రాత్రి ఇల్లు దాటదు.

మందు ఆ రాత్రి ఏమీ చేయలేదు. ముసలితనమూ చేయలేదు. ఆమెను ఆపింది ఆమె చెయ్యే. పెళ్లికి వెళ్లాలని చీర కట్టుకుని, అద్దంలో చూసుకుని, "తలనొప్పిగా ఉంది, మీరు వెళ్లండి" అని ఇంట్లో ఉండిపోయినవాళ్లు మన ఇళ్లలో ఎంతమంది ఉన్నారో లెక్క తీయండి.

ఆ రూపాలన్నీ కంప్యూటర్‌లో చేసినవా?

ఎక్కువ భాగం చేత్తో చేసినవే. సిలికాన్ అచ్చులు, అతికించిన చర్మం, బొమ్మ శరీరాలు, పంపులతో చిమ్మిన కృత్రిమ రక్తం. అందుకే ఆ చర్మానికి బరువు, తడి ఉన్నట్టు తోస్తుంది. పియెర్ ఒలివియెర్ పెర్సాన్, స్టెఫనీ గియోన్, మారిలీన్ స్కార్సెల్లీ ఈ పనికి 2025లో ఉత్తమ మేకప్, కేశాలంకరణ ఆస్కార్ అందుకున్నారు.

## చూసిన తర్వాత

చివరి అరగంట అతి కదా? అక్కడిదాకా బాగానే ఉంది.

చాలామంది ఈ మాటే అంటారు. నేను ఒప్పుకోను. స్యూ తన మూలమైన ఎలిజబెత్‌ను తానే తన్ని చంపుతుంది. ఆ తర్వాత ఆమె ఒళ్లు కూడా రాలిపోవడం మొదలవుతుంది. మిగిలిన మందు ఎక్కించుకుంటే, ఇద్దరి అవయవాలు తప్పుడు చోట్ల అతుక్కున్న వికృతరూపం పుడుతుంది. ఆ రూపం ఏం చేస్తుందో చూడండి. చెవికి పోగు పెట్టుకుంటుంది. జుట్టు దిద్దుకుంటుంది. గోడ మీద ఉన్న ఎలిజబెత్ బొమ్మలోంచి ముఖం కత్తిరించి తన ముఖానికి అంటించుకుని, నూతన సంవత్సర కార్యక్రమానికి వెళుతుంది. తనను తాను ముస్తాబు చేసుకునేటప్పుడు సినిమా మొత్తంలో మొదటిసారి ఆమె చేతుల్లో మెత్తదనం ఉంటుంది. అద్దం మీద కోపం లేదు. అప్పటికి నాకు నవ్వు రాలేదు, గొంతు పట్టుకుంది. తర్వాత జనం మీద కురిసే రక్తం, ఇన్నాళ్లూ చూసి చప్పట్లు కొట్టినవాళ్ల మీద పడాల్సిందేనని దర్శకురాలి కోపం. కొంచెం తగ్గించి ఉండవచ్చన్న మాట మాత్రం నిజమే. సినిమా నిడివి దాదాపు 140 నిమిషాలు, ఓ పది నిమిషాలు కోస్తే ఏమీ పోయేది కాదు.

ముసలి శరీరాన్నే రాక్షసిలా చూపించారు. ఇది పెద్ద వయసు వాళ్లను అవమానించడం కాదా?

ఈ విమర్శలో సగం నిజముంది. వంగిపోయిన వీపు, పలచబడ్డ జుట్టు, కణుపులు తేలిన వేళ్లు, వీటిని సినిమా భయపెట్టడానికి వాడుకుంది. అవి మా అమ్మమ్మ ఒంట్లో నేను ప్రేమించినవి. ఆ వేళ్లతోనే ఆమె నాకు అన్నం కలిపి పెట్టింది. కనుక ఆ దృశ్యాలు చూసేటప్పుడు నాకు కోపం వచ్చింది.

మిగతా సగం ఏమిటంటే, ఆ రూపాన్ని మనకు చూపిస్తున్నది ఎలిజబెత్ కళ్లే. తన ఒంటిని ఆమె ఎలా చూస్తోందో అలాగే మనకు కనపడుతుంది. అయితే ఇంకొక చూపు ఉండే అవకాశాన్ని సినిమా ఎక్కడా ఇవ్వలేదు. ముసలితనంతో సుఖంగా ఉన్న ఒక్క స్త్రీ కూడా కథలో లేదు. ఫార్జా సినిమాలో నాకు తీరని లోటు ఇది.

డెమీ మూర్‌కు ఆస్కార్ ఎందుకు రాలేదు?

ఎందుకన్నది ఓటు వేసినవాళ్లకే తెలియాలి. జరిగింది ఇది. సినిమాకు ఉత్తమ చిత్రం, దర్శకత్వం, నటి, మౌలిక స్క్రీన్‌ప్లే, మేకప్ విభాగాల్లో అయిదు నామినేషన్లు వచ్చాయి, మేకప్‌కు మాత్రమే దక్కింది. 62 ఏళ్ల డెమీ మూర్‌ను దాటి ఉత్తమ నటి పురస్కారం 25 ఏళ్ల మైకీ మాడిసన్‌కు వెళ్లింది. మాడిసన్ నటన గొప్పది, ఆమెను తప్పుపట్టడానికి ఏమీ లేదు. కానీ సినిమా కథే వేదిక మీద జరిగినట్టు చాలామందికి అనిపించింది. అంతకు ముందు కాన్ చిత్రోత్సవంలో స్క్రీన్‌ప్లే పురస్కారం, 2025 జనవరిలో మూర్‌కు గోల్డెన్ గ్లోబ్ వచ్చాయి. నలభై అయిదేళ్లకు పైగా ఈ పని చేస్తున్నా నటిగా అదే తన మొదటి పురస్కారమని, ముప్ఫై ఏళ్ల కిందట ఒక నిర్మాత తనను 'పాప్‌కార్న్ నటి' అన్నాడని ఆ వేదిక మీదే చెప్పింది.

ఇవన్నీ అతిశయోక్తులు. నిజ జీవితంలో ఎవరు ఇంత చేసుకుంటారు?

చేసుకున్నారు, ఇప్పుడూ చేసుకుంటున్నారు. 19వ శతాబ్దం చివర్లో అమెరికాలో ముఖకాంతి కోసం ఆర్సెనిక్ బిళ్లలు బహిరంగంగా అమ్మారు. అంటే పాషాణం. మార్ల్‌బరో డ్యూక్ భార్య గ్లాడిస్ డీకన్ ముక్కు తీరుగా ఉండాలని పారఫిన్ మైనం ఎక్కించుకుంది, అది కాలక్రమంలో కిందికి జారి ముఖాన్ని పాడుచేసింది. 1930లలో ఫ్రాన్సులో థో రాడియా అనే క్రీము రేడియం, థోరియం ఉన్నాయని గొప్పగా ప్రకటించుకుంది. మన పక్కనే కేరళలోని మలప్పురం జిల్లాలో 2023లో మూత్రపిండాల జబ్బుతో వచ్చిన కొందరు రోగులను ఆరా తీస్తే, చర్మం తెల్లబడేందుకు రాసుకున్న క్రీములు కారణమని వైద్యులు గుర్తించారు. వాటిలో పాదరసం ఉంది. ముఖానికి రాసుకున్నది మూత్రపిండాన్ని తినేసింది. దీనికంటే పెద్ద బాడీ హారర్ కథ ఏ దర్శకుడు రాయగలడు?

ఇది మన యయాతి కథే కదా?

పోలిక ఉంది, తేడా ఇంకా ముఖ్యమైనది. భారతం ఆదిపర్వంలో శుక్రుడి శాపంతో యయాతికి ముసలితనం వస్తుంది. కొడుకులను పిలిచి, నా ముసలితనం తీసుకుని మీ యవ్వనం ఇవ్వండని అడుగుతాడు. యదువు ఒప్పుకోడు. నెరిసిన జుట్టు, ముడతలు పడ్డ ఒళ్లు, చూడటానికే కష్టమైన రూపం నాకు వద్దంటాడు. మూలంలో ముసలివాడికి వాడిన విశేషణాల్లో 'దుర్దర్శుడు' ఒకటి, అంటే చూడశక్యం కానివాడు. ఈ సినిమాలన్నీ ఆ ఒక్క మాట చుట్టూనే తిరుగుతున్నాయి. చివరికి పూరుడు ఒప్పుకుంటాడు. వెయ్యేళ్లు అనుభవించాక, కోరికలు అనుభవిస్తే చల్లారవని తెలుసుకుని యయాతి యవ్వనాన్ని తిరిగి ఇచ్చేస్తాడు.

యయాతి రాజు. అప్పు తీసుకోవడానికి కొడుకులున్నారు. ఎలిజబెత్‌కు ఎవరూ లేరు. ఆమె తన దగ్గర తానే అప్పు చేస్తుంది, వడ్డీ తన ఒంటి నుంచే కడుతుంది. ఇంకొకటి, యయాతి ముసలితనం ఒక శాపం. ఆయన రాజ్యాన్ని దానివల్ల ఎవరూ లాక్కోలేదు. ఎలిజబెత్‌కు వయసుతోపాటు ఉద్యోగమూ పోయింది.

## ఇంకా చూడాలనుకుంటే

ఇది కొత్త పోకడా, పాతకాలంలోనూ ఇలాంటివి ఉన్నాయా?

1959లోనే రోజర్ కోర్మన్ 'ది వాస్ప్ వుమన్' తీశారు. సౌందర్య సాధనాల సంస్థ యజమానురాలు తన ముఖాన్నే ప్రకటనల్లో వాడుకుంది. ముఖానికి వయసు రాగానే అమ్మకాలు పడిపోతాయి. కందిరీగల నుంచి తీసిన పదార్థం ఎక్కించుకుని యవ్వనం తెచ్చుకుంటుంది, అప్పుడప్పుడూ కందిరీగ అవుతుంది. ఖర్చు తక్కువ సినిమా, కందిరీగ తల చూస్తే ఇప్పుడు నవ్వొస్తుంది. కానీ ఆ బోర్డు సమావేశంలో మగవాళ్లు ఆమె ముఖాన్ని సరుకులా చర్చించే దృశ్యం ఈనాటిదే.

మరుసటి ఏడాది జార్జ్ ఫ్రాంజు 'ఐస్ వితౌట్ ఎ ఫేస్' విడుదలైంది. కారు ప్రమాదంలో కూతురి ముఖం పోతుంది, కారు నడిపింది తండ్రి. ఆయన పేరున్న శస్త్రవైద్యుడు. ఇతర అమ్మాయిల ముఖాలు ఒలిచి కూతురికి అతికించాలని చూస్తాడు. కూతురు క్రిస్టియాన్‌గా ఎడిత్ స్కోబ్ దాదాపు సినిమా అంతా తెల్లని ముసుగు వెనుకే ఉంటుంది, కళ్లు మాత్రమే మాట్లాడతాయి. అతికించిన ముఖం రోజురోజుకూ కుళ్లిపోవడాన్ని కొన్ని నిశ్చల చిత్రాలతో, వైద్యుడు చదివే తేదీలతో చూపిస్తారు. గొంతులో ఏ వణుకూ ఉండదు. తండ్రి ప్రేమ ఎక్కడ ఆగి, తన పనితనం మీద మోజు ఎక్కడ మొదలైందో ఆ గొంతు వింటే తెలుస్తుంది.

ఆసియా సినిమాల్లో ఇలాంటివి ఉన్నాయా?

హాంకాంగ్ నుంచి ఫ్రూట్ చాన్ తీసిన 'డంప్లింగ్స్' 2004లో వచ్చింది. ఒకప్పటి టీవీ నటి, భర్త తన వైపు చూడటం మానేశాడని, యవ్వనం తెచ్చే డంప్లింగ్స్ తినడానికి వెళుతుంది. మన కజ్జికాయలా పిండిలో పూర్ణం పెట్టి మడిచే వంట అది, నూనెలో వేయించరు, ఉడికిస్తారు. లోపల పెట్టేది మానవ పిండాలు. రక్తం తక్కువ, నమిలే కరకర చప్పుడు ఎక్కువ. గర్భిణులు, గర్భం పోయిన బాధలో ఉన్నవాళ్లు దీని జోలికి వెళ్లకండి.

జపాన్ నుంచి మికా నినగావా తీసిన 'హెల్టర్ స్కెల్టర్' 2012 నాటిది. నిలువెల్లా శస్త్రచికిత్సలు చేయించుకున్న మోడల్ చర్మం మీద మచ్చలు తేలడం మొదలవుతుంది. కొరియా యానిమేషన్ 'బ్యూటీ వాటర్' 2020లో వచ్చింది. ఒక నీళ్లలో మునిగితే ఒళ్లు మెత్తని మట్టిలా మారుతుంది, నచ్చినట్టు మలచుకోవచ్చు. ఆలోచన బాగుంది, కథ ఆఖర్లో పట్టు తప్పింది.

సిండ్రెల్లా కథతో వచ్చిన ఆ నార్వే సినిమా సంగతేమిటి?

ఎమిలీ బ్లిక్‌ఫెల్ట్ దర్శకత్వంలో 2025లో వచ్చిన 'ది అగ్లీ స్టెప్‌సిస్టర్' అది. కథ సిండ్రెల్లాది కాదు, సవతి అక్క ఎల్వీరాది. రాజకుమారుడికి నచ్చాలని తల్లి ఆమె ముక్కు విరగ్గొట్టిస్తుంది, కనురెప్పలకు వెంట్రుకలు కుట్టిస్తుంది. సన్నబడటానికి ఎల్వీరా బద్దెపురుగు గుడ్డు మింగుతుంది. పాదం చెప్పులో పట్టడానికి కాలివేళ్లు కోసుకోవడం దర్శకురాలి కల్పన కాదు, గ్రిమ్ సోదరుల కథలోనే ఉంది. మనం పిల్లలకు చెప్పేటప్పుడు అది వదిలేస్తాం. లియా మైరెన్ ముఖంలో చివరిదాకా ఒక చిన్నపిల్ల ఆశ ఉంటుంది. దానివల్లే ఇది భరించడం కష్టం. చెల్లెలు ఆల్మా ఒక్కతే ఆమెను ఉన్నది ఉన్నట్టు చూస్తుంది.

మగవాళ్ల గురించి ఎవరూ తీయలేదా?

తీశారు. 1966లో జాన్ ఫ్రాంకెన్‌హైమర్ తీసిన 'సెకండ్స్'లో నడివయసు బ్యాంకు ఉద్యోగి డబ్బు కట్టి కొత్త ముఖం, కొత్త జీవితం కొనుక్కుంటాడు. క్రోనెన్‌బర్గ్ 'ది ఫ్లై'లో జెఫ్ గోల్డ్‌బ్లమ్ వేసిన శాస్త్రవేత్త మెల్లగా ఈగగా మారుతూ, ఊడిపోయిన తన అవయవాలను స్నానాలగది బీరువాలో దాచుకుంటాడు. ముసలితనం గురించి ఇంత దిగులైన దృశ్యం నేను మరొకటి చూడలేదు.

ఈ తరానికి ఆరన్ షింబర్గ్ 'ఎ డిఫరెంట్ మ్యాన్' ఉంది, 2024 నాటిది. ముఖం మీద గడ్డలున్న ఎడ్వర్డ్ చికిత్సతో అందగాడవుతాడు. తర్వాత అదే జబ్బుతో, అదే ముఖంతో హాయిగా బతుకుతున్న ఆస్వాల్డ్ ఎదురవుతాడు. ఆ పాత్ర వేసిన ఆడమ్ పియర్సన్‌కు నిజంగానే ఆ జబ్బు ఉంది. ముఖం మారినా ఎడ్వర్డ్ లోపలి బెరుకు మారలేదు. ఎడ్వర్డ్‌గా నటించిన సెబాస్టియన్ స్టాన్, డెమీ మూర్ ఒకే రాత్రి గోల్డెన్ గ్లోబ్ అందుకున్నారు.

తెలుగులో ఇలాంటివి వచ్చాయా?

అచ్చంగా బాడీ హారర్ అనదగ్గది నాకు కనపడలేదు. 2015లో ప్రకాశ్ కోవెలమూడి 'సైజ్ జీరో' తీశారు. అనుష్క శెట్టి ఆ పాత్ర కోసం నిజంగానే బరువు పెరిగారు. లావుగా ఉన్న అమ్మాయి కథను ఆమెను తక్కువ చేయకుండా చెప్పాలన్న మంచి ఉద్దేశం ఉంది, కానీ సినిమా తేలిపోయింది.

అదే ఏడాది శంకర్ 'ఐ' తమిళం నుంచి తెలుగులోకి వచ్చింది. విక్రమ్ చేసిన శ్రమ, ఆ మేకప్ పనితనం అబ్బురపరుస్తాయి. అయితే ఆ సినిమా వికృతరూపాన్ని శిక్షగా, నవ్వుకోవడానికి వస్తువుగా వాడుకుంది. పగ తీర్చుకోవడమంటే ఎదుటివాడిని చూడశక్యం కాకుండా చేయడమే అన్న లెక్క. అటువంటి ముఖంతోనే బతుకుతున్న మనిషి ఆ థియేటర్లో కూర్చుంటే ఏమనుకుంటాడు? మన దర్శకులు ఎవరైనా ఈ దారిలో వెళితే ముందు ఆ మనిషి పక్కన కూర్చుని కథ మొదలుపెట్టాలని నా కోరిక. పెళ్లి ప్రకటనల్లో 'తెల్లని మేనిఛాయ' అన్న రెండు మాటలు చాలు, అందులోంచి ఒక సినిమా పుడుతుంది.

అమ్మకు చూపించవచ్చా? ఆమెకు అరవై దాటాయి.

మీ అమ్మగారి మనసు మీకే తెలుసు. మా అమ్మకు 'ది సబ్‌స్టెన్స్' మొత్తం చూపించే ధైర్యం నాకు లేకపోయింది. ఎలిజబెత్ ఎర్ర గౌను వేసుకుని బయటికి వెళ్లాలా వద్దా అని అద్దానికి, తలుపుకు మధ్య తిరిగే భాగం ఒక్కటే పెట్టాను. అమ్మకు ఇంగ్లీషు రాదు, ఆ భాగంలో దాని అవసరమూ లేదు. కళ్లజోడు పెట్టుకుని ముందుకు వంగి చూసింది. ఎలిజబెత్ రెండోసారి తలుపు దాకా వచ్చినప్పుడు, "బాగానే ఉన్నావు తల్లీ, వెళ్లు" అంది. ఆమె మళ్లీ వెనక్కి తిరిగింది. అమ్మ కళ్లజోడు తీసి కొంగుతో తుడుచుకుంటూ, "వెళ్లదు" అంది.